మిక్సీకి చుట్టిన తువ్వాలు

ఏడు డబ్బాలు. "ఏడే గద విద్యా" అని పప్పుచారు అంటిన వేళ్లు ఆడించి మరీ చెప్పాడు, ఇప్పుడు అదే చెయ్యి తలకింద పెట్టుకుని లోపలి గదిలో గురక పెడుతున్నాడు. బయటికి మీరు అంటాను, ఆయనగారు అంటాను, ఇరవై రెండేళ్లుగా అంటూనే ఉన్నాను, కానీ ఆదివారం మధ్యాహ్నం రెండుంబావుకి వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి నాలో నేను మాట్లాడుకునేటప్పుడు అన్నాడు, చెప్పాడు, గురక పెడుతున్నాడు అనే అంటాను, నా లోపల నా ఇష్టం. రాఘవేందర్. ఇవాళ ఆ పేరు కూడా అంటాను. ఇందిరా పార్కులో తనతో పాటు పొద్దున్నే నడిచే ఏడుగురు పెద్దమనుషులకు, రేపు సోమవారం నుంచి, నేను చేసిన టిఫిను డబ్బాల్లో పెట్టి ఇస్తానని రాఘవేందర్ మాటిచ్చి వచ్చాడు. నన్ను అడగలేదు. అడగాలని తోచనైనా తోచలేదు, నాకు మండేది అక్కడే. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడంటారు, ఆ అత్త సొమ్మైనా పెట్టెలో కంటికి కనబడుతుంది, నా దగ్గరున్నదేమిటో ఈయనకు తెలియనే తెలియదు, తెలియకుండానే దానం చేసేశాడు. హాల్లో టీవీ కింద అట్టపెట్టె ఉంది. కాచిగూడలో తాను మేనేజరుగా ఉన్న స్టీలు సామాన్ల హోల్‌సేల్ దుకాణం నుంచి నిన్న సాయంత్రం స్కూటరు మీద కాళ్ల మధ్య ఇరికించుకుని తెచ్చాడు, రెండు డజన్ల కొత్త డబ్బాలు, ఒక్కొక్కటీ పలచని కాగితంలో చుట్టినవి. నాకు చీర తెచ్చిననాడు కూడా అంత భద్రంగా తేలేదు. పెట్టె చూసి కొట్టు సరుకేమో అనుకున్నాను నేను, పిచ్చిదాన్ని. ఇవాళ అన్నం తింటూ చెప్పాడు, "నువ్వు పొద్దుగాల ఖాళీనే ఉంటవ్ గద, అన్నీ ఫ్రిజ్జుల రెడీ ఉంటయ్, ఇంకో ఏడు నింపుతె ఏమైతది? నీ పేరు మీదనే గ్రూపు పెట్టిన చూస్కో." నా పేరు మీద. నేను సంతోషపడాలి కాబోలు.

ఖాళీనే ఉంటానట. మినప్పప్పు గిన్నె దగ్గరికి లాక్కుని చెయ్యి ముంచాను, పొద్దున పదింటికి నానబెట్టింది, ఉబ్బి మెత్తబడింది, గోరుతో నొక్కితే విరుగుతోంది, సరిగ్గా ఇప్పుడే రుబ్బాలి, ఇంకో గంట ఆగితే పులుపు వాసన మొదలవుతుంది, నా కోపం చల్లారేదాకా పప్పు ఆగదు. పక్కన జొన్న రవ్వ నీళ్లు తాగి అడుగున కూర్చుంది. పెసలు వేరే గిన్నెలో. మొలకలు గుడ్డలో మూటగట్టి కుళాయి మెడకు వేలాడదీశాను. ఈ వరస నాకు నిద్రలో కూడా వచ్చు: సోమవారం జొన్న రవ్వ ఇడ్లీ, మంగళవారం పెసరట్టు, బుధవారం ఉడికించిన మొలకల గుడాలు, గురువారం ముందే వేయించి పోపు కలిపి పెట్టుకున్న సజ్జ రవ్వతో ఉప్మా, వేడినీళ్లు పోస్తే చాలు, శుక్రవారం మజ్జిగ కలిపిన రాగి జావ. పల్లీల చట్నీ ఒకటి, పుట్నాల చట్నీ ఒకటి. ఆదివారం రాత్రికల్లా అన్నీ చేసి డబ్బాల్లో పెట్టి, మూతల మీద తెల్ల ప్లాస్టరు ముక్కలు అంటించి వారం పేరు రాస్తాను. ఇంట్లోవాళ్లు ఫ్రిజ్జు తలుపు తీస్తారు, ఆ రోజు డబ్బా కనబడుతుంది, తింటారు, డబ్బా సింకులో పడుతుంది. మళ్లీ ఆదివారం దాకా ఈ ఇంట్లో ఎవరికీ టిఫిను గురించి ఆలోచన లేదు. మొన్న మా నిహారిక స్నేహితురాలితో ఫోనులో అంటుంటే విన్నాను, "మా ఇంట్ల బ్రేక్‌ఫాస్ట్ పరేషానే లేదే, ఫ్రిజ్జుల ఉంటది." ఫ్రిజ్జులో ఉంటుంది. కొండమీద తేనెపట్టు ఉన్నట్టు, దానంతటది ఉంటుంది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది, ఆ ఫ్రిజ్జులోకి అది ఎలా వస్తుందని ఇంతవరకూ అడగలేదు. అడగనందుకు దాన్ని అనాలా, కనబడనివ్వనందుకు నన్ను అనుకోవాలా?

ఎందుకంటే కనబడనివ్వనిది నేనే. ఇదిగో ఈ తువ్వాలు. ఒకప్పుడు నీలం రంగుది, ఇప్పుడు రంగేమిటో చెప్పలేం. ఆదివారం భోజనాలయ్యాక ముగ్గురూ పడుకుంటారు, ఆయన లోపల, పిల్ల దాని గదిలో, అత్తమ్మ హాల్లో కిటికీ పక్క మంచం మీద. నేను మిక్సీని చంకనెత్తుకుని వంటింటి వెనక బట్టలుతికే జాగాకు పోతాను, కింద దుప్పటి మడిచి వేస్తాను, మిక్సీ చుట్టూ తువ్వాలు చుడతాను, తలుపు దగ్గరికి వేస్తాను, నేల మీద కూర్చుని దాన్ని రెండు మోకాళ్ల మధ్య పట్టుకుని రుబ్బుతాను. చప్పుడు వాళ్ల నిద్ర చెడగొట్టకూడదు. అర నిమిషం తిప్పి ఆపుతాను, చెయ్యి పెట్టి వేడి చూస్తాను, మళ్లీ తిప్పుతాను, రెండేళ్లుగా ఇదే. పోయిన వానాకాలంలో ఒక ఆదివారం లోపల తీగ కాలి పొగ వచ్చింది, గాలి ఆడకపోతే కాలదా మరి! ఆయన లేచి వచ్చి ముక్కు మూసుకుని ఏమన్నాడు? "మిక్సీ గూడ వాడరాదు నీకు. మా అమ్మ రోలు మీద రుబ్బింది, ఒక్కనాడు ఏం కాలలె." తువ్వాలు నా చేతిలోనే ఉంది. మీ నిద్ర కోసమే చుట్టాను స్వామీ అని ఒక్క మాట అనలేదు నేను. రోలు కాలదు, నిజమే. తలొంచుకుని నారాయణగూడ చౌరస్తాలో రిపేరు కొట్టుకు తీసుకుపోయాను, అతను అడిగాడు, "అక్కా, దీనికేమన్న గుడ్డ చుట్టిన్రా?" లేదు అని చెప్పాను. పరాయి మనిషికి కూడా అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం తలుచుకుంటే ఇప్పుడు ఆయన మీద కంటే నా మీదే ఎక్కువ మండుతోంది.

మొదట ఇది మొదలైంది కూడా ఆయన ఒంటి కోసమే. రెండేళ్ల కింద షుగరు పరీక్ష కాగితం చూసి డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. అప్పటిదాకా పొద్దున్నే బండి మీద పూరీలో, మైసూరు బోండాలో తెచ్చుకునేవాడు, కాగితం పొట్లం నూనెతో తడిసిపోయేది, ఆ తడి వేలితో తుడిచి నాకేవాడు కూడా. నేను జొన్నల దారి పట్టాను, మా సర్కారు ఆఫీసులో కంప్యూటరు చాటున చదివాను, నలుగురిని అడిగాను, మొదటి నెల ఇడ్లీలు గోడకు కొడితే తిరిగి వచ్చేలా ఉండేవి. ఇప్పుడు షుగరు దిగింది. దిగిన సంగతి ఇందిరా పార్కులో ఎలా చెప్పాడో నాకు తెలుసు, "కంట్రోల్ ఉండాలె అన్నా, నోరు కట్టేసుకోవాలె" అని చెప్పి ఉంటాడు. నోరు కట్టింది ఎవరు? ఆయన మంచివాడే. తాగడు, అరవడు, జీతం తెచ్చి ఇంట్లో పెడతాడు, అత్తమ్మకు కాళ్లు నొక్కుతాడు. మంచివాడి మీద వచ్చే కోపం ఉందే, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. చెడ్డవాడైతే నలుగురికీ చెప్పుకోవచ్చు. "మా ఆయన నా పేరు మీద గ్రూపు పెట్టిండు" అని చెప్పుకుంటే అందరూ చప్పట్లు కొడతారు.

అత్తమ్మది ఇంకో కథ. నిద్ర చేసిన తిండి తినదు. రాత్రి వండింది తెల్లారి ముట్టదు. "నిద్ర చేసిన కూడు నాకొద్దు బిడ్డా, నా కడుపు అదొక్కటి మన్నియ్యది." కారఖానాలో ఎన్ని నెలలు నిద్ర చేసిందో తెలియని బిస్కెట్లు మాత్రం చాయలో ముంచుకుని తింటుంది, దానికి కడుపు మన్నిస్తుంది. ఏం చేయను? ముసలామెతో వాదం పెట్టుకోలేక ఉపాయం కనిపెట్టాను. పొద్దున అయిదున్నరకు లేచి పొయ్యి వెలిగించి చిన్న గిన్నెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, రెండు రెబ్బల కరివేపాకు వేసి చిటపటలాడిస్తాను. ఆ వాసన ఇల్లంతా లేపుతుంది. నిన్నో మొన్నో చేసిన చట్నీలో పోపు పెడతాను, ఆదివారం ఉడికించిన గుడాలు బుధవారం పోపులో వేసి తిప్పుతాను, గిన్నెలు రెండు మూడు కావాలని చప్పుడు చేస్తాను. ఆమె మంచం మీద నుంచే, "అప్పుడే పొయ్యి మీదికెక్కిందా విద్యా?" అంటుంది తృప్తిగా. ఎక్కిందత్తమ్మా అంటాను. రోజూ పావుగంట ఈ నాటకం. మా బుగ్గమ్మ ఒకసారి చూసి పడీ పడీ నవ్వింది. అంట్లు తోమే బుగ్గమ్మది మహబూబ్‌నగర్ దిక్కు, తెల్లారకముందే రాత్రన్నంలో మజ్జిగ పోసుకుని ఉల్లిగడ్డ కొరుక్కుని తిని నాలుగిళ్లు తోమడానికి బయల్దేరుతుంది. "మాది సద్ది, మీది ఫ్రిజ్జు, గంతే గదమ్మా. సద్ది ఎందుకు గట్టుకుంటరు? పొద్దుగాల పొయ్యికాడ కూసోకుంట పనికి పోనీకి." సరిగ్గా అదే బుగ్గమ్మా. నీకు ఒక్క క్షణంలో అర్థమైంది.

నేను కూడా పనికి పోవడానికే. ఎవరికీ తెలియని పని. ఏడు నెలలుగా నేను పొద్దున ఏడున్నరకు ఇల్లు దాటుతున్నాను, బస్సులు రద్దీ అని చెప్పాను, లోయర్ ట్యాంక్ బండ్ దిక్కు ట్రాఫిక్ ఆగిపోతోందని చెప్పాను, ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు, మనిషి బయటికి పోవడం తెలుస్తుంది కానీ డబ్బా ఉన్నంతవరకూ ఎందుకు పోతోందో ఎవరికి కావాలి. నేను నేరుగా ఆఫీసుకు పోను, చిక్కడపల్లి గ్రంథాలయానికి పోతాను. ఎనిమిదింటికి తలుపులు తీస్తారు, ఆ లోపే వరండాలో బ్యాగులు వరసగా ఉంటాయి, అశోక్‌నగర్ హాస్టళ్ల నుంచి వచ్చిన పిల్లలు, గ్రూప్స్‌కు చదివేవాళ్లు, అందరూ నాలో సగం వయసు వాళ్లు. మొదట్లో నన్ను ఎవరి తల్లో అనుకున్నారు. తర్వాత శ్రీదివ్య అనే అమ్మాయి నా పుస్తకం చూసి, "అక్కా, మీరు గూడ రాస్తున్నరా!" అంది, అప్పటినుంచి కిటికీ పక్క కుర్చీ మీద తన నీళ్ల సీసా పెట్టి నాకోసం ఆపుతోంది. ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర. ఆ గంటన్నరలో నన్ను ఎవరూ ఏదీ అడగరు. గిన్నె ఎక్కడుంది, సాక్సు ఎక్కడున్నాయి, మాత్ర వేసుకున్నానా లేదా, ఏదీ అడగరు. పేజీ తిప్పితే పేజీ, అంతే. మొదటి రోజు ఆ నిశ్శబ్దానికి భయమేసి పదిహేను నిమిషాల్లో లేచి వచ్చేశాను.

మా ఆఫీసులో సూపరింటెండెంటు కావాలంటే శాఖ పరీక్ష పాసు కావాలి. తొమ్మిదేళ్ల కింద ఒకసారి రాసి నాలుగు మార్కులతో తప్పాను, అప్పుడు అందరికీ చెప్పి రాశాను, అదే నేను చేసిన తప్పు. ఆ నెలలోనే చుట్టాల ఇంట్లో పెళ్లి, పంతిలో ఇడ్లీ వడ్డిస్తుంటే మా మరిది నాగేందర్ అందరూ వినేలా అన్నాడు, "పరీక్ష ఫెయిలైతే ఏంది, ఇడ్లీలల్ల మా వదినకు డిస్టింక్షన్!" పంతి మొత్తం నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నేను సాంబారు గిన్నె పట్టుకుని నవ్వాను. తర్వాత ప్రతి శుభకార్యంలో ఆ మాట తిరిగొచ్చేది, పాత సామెతలా అయిపోయింది. నా తర్వాత ఆరేళ్లకు ఉద్యోగంలో చేరిన రాగిణి పరీక్ష పాసై నా పైన కూర్చుంది, నా సెలవు చీటీ మీద ఆమె సంతకం పెడుతుంది. మంచి పిల్లే, "విద్యావతిగారూ" అంటుంది, అందుకే ఇంకా కష్టం. ఈ ఏడాది ఖాళీ ఒకటి ఉంది, వచ్చే ఆదివారం పరీక్ష, విద్యానగర్‌లో సెంటరు పడింది. నాకు నలభై ఆరు. ఈసారి పోతే ఇక అదే కుర్చీలో రిటైరు కావడమే. పెన్షన్ నియమాలు ఒక్కటే మిగిలాయి, అన్నిటికన్నా పెద్ద అధ్యాయం, అయిదు పొద్దుల పని అని లెక్క వేసుకుని ఉంచుకున్నాను. సరిగ్గా అయిదు. ఆ అయిదు పొద్దులే ఆయన పప్పుచారు వేళ్లతో ఇందిరా పార్కులో పంచిపెట్టి వచ్చాడు.

ఏడు డబ్బాలంటే పప్పు రెండింతలు, చట్నీ రెండింతలు. ఈ ఫ్రిజ్జులో ఇంకో గ్లాసు పట్టదు, అంటే ఏ రోజుది ఆ రోజే చేయాలి, నాలుగింటికి లేవాలి. పొద్దున్నే కట్టాలి, ఖాళీవి తెచ్చుకోవాలి, తోమాలి, అయ్యేసరికి తొమ్మిది. పెన్షన్ అధ్యాయం ఎప్పుడు, ఇడ్లీ పాత్రలోని ఆవిరిలోనా? ఆయనకు పరీక్ష సంగతి తెలియదు, నిజమే, తెలిస్తే మాటిచ్చేవాడు కాదేమో, అదీ నిజమే, ఆ న్యాయం నాకు తెలుసు. కానీ తెలియకపోతే మాత్రం? పరీక్ష లేకపోతే నా పొద్దులు ఎవరైనా పట్టుకుపోవచ్చా? నేను కిటికీ దగ్గర ఉత్తినే కూర్చుని గోళ్లు కత్తిరించుకుంటాను, అప్పుడు మాత్రం ఆ గంటన్నర నాది కాదా? పుస్తకం బియ్యం డబ్బా వెనక పాత దినపత్రికలో చుట్టి ఉంది. దొంగ సొమ్ము దాచినట్టు దాచాను. సెలవు నియమాల అధ్యాయం నాకు నోటికి వచ్చు, ఆర్జిత సెలవు అంటే పనిచేసి సంపాదించుకున్న సెలవు, ఏడాదికి ముప్పై రోజులు. సర్కారు దగ్గర కూడా పని చేస్తే సెలవు పుడుతుంది. ఇక్కడ పని చేస్తే పని పుడుతోంది, ముందే చేసి పెట్టుకుంటే ఇంకా ఎక్కువ పుడుతోంది.

గట్టు మీద ఫోను టింగుమంది. చేతులు తుడుచుకుని చూశాను. 'విద్య హెల్తీ డబ్బా' అని గ్రూపు, బొమ్మగా నా ఫొటో, ఏదో పెళ్లిలో నేను వడ్డిస్తున్నది, చేతిలో గరిటె. సాంబారు గిన్నె. ఆ పెళ్లే. ఏడుగురిలో ఒకాయన రాశాడు, "మేడంగారు, నాకు అల్లం పడదు, వేరేగా చేయగలరు." ఇంకొకాయన, "నా డబ్బా ఆరున్నరకే కావలెను, మనవరాలి బస్సు ఉన్నది." మూడో ఆయన రెండు దండాలు పెట్టాడు. కింద రాఘవేందర్, భోజనం చేసి పడుకునే ముందు కాబోలు రాసి పడుకున్నాడు, "నో ప్రాబ్లం అన్నా. ఆమెకు ఇది చిటికెల పని."

చిటికెలో. నేను ఫోను బోర్లించి పెట్టాను. అలవాటుగా దుప్పటి మడిచాను, అలవాటుగా మిక్సీని చంకనెత్తుకున్నాను, తువ్వాలు భుజాన వేసుకున్నాను, బట్టలుతికే జాగా తలుపు దాకా పోయాను. అక్కడ ఆగాను. ఆ రెండడుగుల జాగా, బకెట్టు, చీపురు, నేను కూర్చుని కూర్చుని నున్నబడిన బండ. రెండేళ్లు. వెనక్కి తిరిగాను. హాల్లోకి నడిచి, అత్తమ్మ మంచానికి మూడడుగుల దూరంలో ఉన్న భోజనాల బల్ల మీద మిక్సీ పెట్టాను, ప్లగ్గు గుచ్చాను, జారు నిండా పప్పు వేశాను, తువ్వాలు నేలకేసి కొట్టాను. బటన్ చివరిదాకా తిప్పాను.

ఈ మిక్సీ ఇంత చప్పుడు చేస్తుందని నాకే తెలియదు. అద్దాలు అదిరాయి, అత్తమ్మ "రామ రామ" అంటూ లేచి కూర్చుంది, నిహారిక చెవుల్లో తీగలతోనే తలుపు తీసింది. ఆయన బనీను మీద, లుంగీ ఒకచేత్తో పట్టుకుని ఉరికి వచ్చాడు. "ఏంది విద్యా గీ లొల్లి! ఆదివారం గూడ జర పండనియ్యవా?"

నేను ఆపలేదు. ఆ వాయి మెదిగేదాకా తిప్పాను, అప్పుడు ఆపాను. "పప్పు రుబ్బుతున్న. ప్రతి ఆదివారం ఇదే టైముకు రుబ్బుతున్న. మీకు ఇయ్యాలనే ఇనవడ్డది."

"హాల్ల పెట్టి రుబ్బుతరా ఎవరన్న? డబ్బాల గురించా ఏంది కోపం? అరె, ఏడే గద..."

"ఇంకొక్కసారి ఏడే అంటే ఈ పిండి మీ నెత్తి మీద పోస్త." నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నాకు వచ్చే ఆదివారం పరీక్ష ఉంది."

ఆయన ముఖం పాలిపోయింది. "ఏం పరీక్ష? బ్లడ్ టెస్టా? ఏమైంది నీకు?"

"డిపార్ట్‌మెంట్ పరీక్ష. ప్రమోషన్‌ది. ఏడు నెలల సంది నేను పొద్దుగాల ఆఫీసుకు పోతలేను, లైబ్రరీకి పోతున్న. అక్కడ సదువుకోని అక్కడికెంచి ఆఫీసుకు పోతున్న. గా టైము కోసమే ఆదివారం గిదంత చేస్తున్న. మీ వాకింగ్ దోస్తుల కోసం కాదు."

నిహారిక చెవిలోని తీగ ఒకటి తీసింది. ఆయన కుర్చీ వెనక పట్టుకుని, "నాకెందుకు చెప్పలె?" అన్నాడు, నొచ్చుకున్నట్టు, తనకేదో అన్యాయం జరిగినట్టు.

"చెప్తె మీరు నాగేందర్‌కు చెప్తరు. ఆయన ఇంకో జోకు ఏస్తడు. మీరు నవ్వుతరు."

నేను జారు మూత తీసి, పిండి మెదిగిందో లేదో వేలితో చూశాను. "గ్రూపుల పెట్టండి, రేపటి సంది డబ్బాలు లెవ్వని. నా ఫొటో తీసెయ్యండి."

"ఎట్ల పెడత విద్యా? మాటిచ్చిన గద ఏడుగురికి. పరువు పోతది."

"పోతది. అయితే మీరే చెయ్యండి."

"మమ్మీ, మరి నానమ్మ?" అంది నిహారిక సన్నగా. "నిద్ర చేసింది తినది గద. పొద్దుగాల నువ్వు చెయ్యకపోతె..."

అత్తమ్మ మంచం మీద జుట్టు ముడి వేసుకుంటూ, ఏమీ జరగనట్టే అంది, "నాకేంది బిడ్డా, రెండేండ్ల సంది నిద్ర చేసిందే తింటున్న గద. పొయ్యి మీద పోపు గిన్నె ఒక్కటే ఉంటది. చట్నీ సల్లగ తాకుతది. నాకు తెల్వదా?"

నేను ఆమె వైపు తిరిగాను. "తెలిసి ఎందుకు చెప్పలేదత్తమ్మా?"

"పోపు వాసనకు మెల్కువొస్తె మంచిగనిపిస్తది బిడ్డా. గందుకు."

బుగ్గమ్మైతే నవ్వేది. నాకు నవ్వు రాలేదు. మంచిగనిపిస్తుందట. రెండేళ్లు, రోజుకో పావుగంట, అయిదున్నరకు చీకట్లో, గిన్నెలు కావాలని చప్పుడు చేస్తూ, చలికాలం వేళ్లు కొంకర్లు పోతుంటే కరివేపాకు దూస్తూ. ఆ పావుగంటలన్నీ కలిపితే పెన్షన్ అధ్యాయం పదిహేనుసార్లు చదివేదాన్ని. నాకు తెలియకుండా ఆయన పంచిపెట్టాడు, తెలిసీ ఆమె వాసన చూసింది, పిల్ల ఫ్రిజ్జు తలుపు తీసింది, నేను తువ్వాలు చుట్టాను. ఎవరి మీద ఎంత కోప్పడాలో తేల్చుకునే ఓపిక ఇక లేదు. "రేపటి సంది పోపు లేదత్తమ్మా" అని మాత్రం అన్నాను.

వంటింట్లోకి పోయి మిగిలిన పప్పు గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను. అట్టపెట్టె కాలితో బల్ల పక్కకు నెట్టాను, లోపల డబ్బాలు గలగలమన్నాయి. ఆయన ఫోను తీశాడు, గ్రూపు తెరిచాడు, బొటనవేలు గాలిలో ఆపి చాలాసేపు చూశాడు. ఆ రెండు దండాలు, అల్లం పడని ఆయన, మనవరాలి బస్సు. రాయలేకపోయాడు. ఇందిరా పార్కులో తలెత్తుకోలేకపోవడం కంటే పప్పు రుబ్బడమే నయమనిపించింది కాబోలు, ఫోను బోర్లించి, లుంగీ పైకి కట్టి, మిక్సీ ముందు నిలబడి, "ఎన్ని నీళ్లు పొయ్యాలె?" అన్నాడు.

బియ్యం డబ్బా వెనక నుంచి పుస్తకం తీశాను, పాత కాగితం చించి పారేశాను, తెచ్చి అదే బల్ల మీద, అందరి ముందు, వాళ్లందరి కళ్ల ముందు తెరిచాను. పెన్షన్ నియమాలు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మిక్సీ మొదలైంది. ఆ మోతలో మొదటి వాక్యం మూడుసార్లు చదివినా తలకెక్కలేదు, నాలుగోసారి చదివాను. చుట్టడానికి తువ్వాలు ఎవరికీ గుర్తు రాలేదు, అది అక్కడే నేల మీద పడి ఉంది. ఒక్కసారిగా మూత ఎగిరింది, పిండి ఆయన బనీను మీద, గోడ మీద, అత్తమ్మ మంచం కోడు మీద, నా పేజీ అంచు మీద పడింది. ముగ్గురూ నా వైపు చూశారు, నేను లేస్తానని. వేలితో పేజీ మీద పిండి తుడిచాను.

"మూత మీద చెయ్యి పెట్టి పట్టుకోవాలె" అన్నాను తలెత్తకుండా. పేజీ తిప్పాను.